దొరగారిచ్చిన బిరుదు

మావయ్యగారిని భోజనానికి పిలుచుకురమ్మని పంపితే వెళ్ళిన కొత్తల్లుడు, హార్బరు గేటు దగ్గర టీకొట్టు బెంచీ మీద ఇరుక్కుపోయాడు. ఒక పక్క మావయ్యగారి మోచెయ్యి, ఇంకో పక్క రేకు గోడ. లేవాలంటే ఆయన లేవాలి. ఆయన లేవాలంటే కథ అయిపోవాలి. ఆ కథ అప్పుడే మొదలైంది.

ఇంటి గుమ్మంలోనే భార్య హెచ్చరించింది. "మా నాన్న చెబుతున్నప్పుడు మధ్యలో కాదనకు. కాదన్నావో, మళ్ళీ మొదట్నించీ మొదలెడతాడు. ఊఁ కొట్టి, చెయ్యి పట్టుకుని లేవదీసుకొచ్చెయ్."

ఆయన్ని ఆ చుట్టుపక్కలంతా క్రేన్ బాబాయ్ అంటారు. వయసులో ఉన్నంతకాలం హార్బరులో క్రేన్ నడిపాడు. రిటైరయ్యాక మనిషైతే క్రేన్ దిగాడు గానీ మాట దిగలేదు, అది ఇప్పటికీ ఆ ఎత్తులోనే తిరుగుతూ ఉంటుంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని టీకొట్టుకి వచ్చేస్తాడు, డ్యూటీకి వచ్చినట్టే. గేటులోంచి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒక గ్లాసు టీ తాగేలోపు ఆయన గొప్ప ఒకటి విని వెళతారు.

"ఇదిగో, మా అల్లుడు," అని భుజం మీద చరిచాడు మావయ్య. "హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది నిజమో కాదో తేల్చేవాడు లేడని ఏడ్చారుగా? ఇప్పుడొచ్చాడు. నేనొక్క ఇంగ్లీషు ముక్క తప్పు చెబితే ఇక్కడికిక్కడే ఆపేస్తాడు. ఏం అల్లుడూ?"

అల్లుడు గుమ్మంలో భార్య అన్న మాట గుర్తు చేసుకుని, "ఊఁ" అన్నాడు.

టీకొట్టు అక్క స్టవ్ మీంచి గిన్నె దించుతూ అల్లుణ్ణోసారి జాలిగా చూసింది. బెంచీ అవతలి చివర గోడౌన్ గుమస్తా గ్లాసు పట్టుకుని సర్దుకు కూర్చున్నాడు. ఎదురు బెంచీ మీద మాత్రం ఒక మనిషి నిటారుగా, చొక్కా నలుగుతుందేమోనన్నట్టు కూర్చుని ఉన్నాడు. లాంచీ నడిపే సరంగు. ఏటికి అడ్డంగా వంతెన కట్టిన రోజు నుంచి ఆయన లాంచీ ఎక్కేవాడు లేడు. అవతలి గట్టుకి బస్సులు పోతున్నాయి. మనిషి ఇంట్లో కూర్చున్నాడు, భార్య కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తోంది. ఆ మధ్యాహ్నం హార్బరులో ఓడల్ని లాగే టగ్గు బోటుకి మనిషిని తీసుకుంటున్నారని, ఎవరో దొర స్వయంగా చూస్తాడని కబురొచ్చింది. గడ్డం గీసుకుని వచ్చేశాడు. ఉన్న భయమంతా ఇంగ్లీషు గురించే.

"బాబాయ్, దొర దగ్గర అనడానికి ఒక్క మంచి మాట చెప్పు చాలు," అన్నాడు. "వినగానే వీడెవడో గట్టివాడే అనుకోవాలి."

"ఒక్క మాటేమిట్రా, మాటలు పుట్టిన చోటు చూపిస్తా," అన్నాడు మావయ్య. "కానీ కథ వింటే గానీ మాట విలువ తెలీదు. విను. అప్పట్లో నాకు ఇంగ్లీషు ఎంతొచ్చు? ఎస్, నో, స్లోలీ. అంతే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా, నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు."

"అది మాకు తెలీదా," అంది అక్క.

"ఒక రోజు సిమెంటు ఓడ వచ్చింది. నేను పైన క్యాబిన్‌లో ఉన్నా. డెక్కు మీద కెప్టెన్ దొర, ఒడ్డున మా ఫోర్‌మన్. బస్తాలు తడిశాయి, మీరే తడిపారని దొర. మేం కాదు మహాప్రభో, మీ ఓడలోనే తడిశాయని మావాడు. దొరకి ఒళ్ళు మండి 'హాగ్‌వాష్!' అని అరిచాడు. మావాడికి రెండు ముక్కలూ విడివిడిగా తెలుసు. హాగ్ అంటే పంది, వాష్ అంటే కడగడం. ఓడలో పందులున్నాయి కాబోలు, కడగమంటున్నాడనుకున్నాడు. కూలీలంతా బకెట్లూ చీపుళ్ళూ పట్టుకుని ఓడెక్కేశారు."

"పందులున్నాయా మరి?" అన్నాడు గుమస్తా.

"ఎక్కడివి! వంటవాడు దొరికాడు. వాణ్ణి కడిగారు."

సరంగు నవ్వబోయి, చొక్కా గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను క్యాబిన్‌లోంచి ఒక్క కేక పెట్టాను. ఆగండ్రా, పందీ లేదు స్నానమూ లేదు, మీరు చెప్పేదంతా సొల్లు అంటున్నాడ్రా దొర, అని. దొర తలెత్తి చూశాడు. ఈ పైనున్న పెద్దమనిషెవరయ్యా, నా మనసులో మాట చదివేశాడు అని. ఏం అల్లుడూ, హాగ్‌వాష్ అంటే సొల్లే కదా?"

అల్లుడు ఆశ్చర్యపోయాడు. నిజంగా అంతే. పందులకు పోసే కుడితి, అందులోంచే పనికిమాలిన మాటలనే అర్థం వచ్చింది. "ఊఁ, అంతేనండీ," అన్నాడు, ఈసారి మనస్ఫూర్తిగానే.

సరంగు మొహంలోకి ధైర్యం వచ్చింది. మాస్టారే అవునన్నాడు.

"మరి ఐవాష్ అంటారు, అదీ ఇదీ ఒకటేనా బాబాయ్?" అన్నాడు గుమస్తా. "మా ఆఫీసర్ అంటూ ఉంటాడు."

"అక్కడే అందరూ బోల్తా పడేది. హాగ్‌వాష్ నోటితో చేసేది, ఐవాష్ చేత్తో చేసేది. పెద్దాఫీసరు తనిఖీకొస్తే మీ గోడౌన్‌లో ముందు వరస బస్తాలు మాత్రం దులిపి పెడతారే, అది ఐవాష్. మన భాషలో కంటితుడుపు. ఇంగ్లీషువాడు కన్ను కడుగుతాడు, మనం తుడుస్తాం, తేడా అంతే."

గుమస్తా మొహం చిన్నబోయింది. అల్లుడు మాత్రం, ఈయన ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నాడు చెప్మా అనుకున్నాడు. ఇలా సాగితే గండం గడిచినట్టే, ఇంకో పావుగంటలో ఇంటికెళ్ళి పీట మీద కూర్చోవచ్చు.

"దొర అక్కడితో ఊరుకున్నాడా? మీరు నన్ను హుడ్‌వింక్ చేస్తున్నారన్నాడు. వింక్ అంటే కన్ను కొట్టడం. మా ఫోర్‌మన్ అమాయకుడు, దొర ముచ్చటపడుతున్నాడు కదా అని, కన్ను కొట్టాడు."

"అయ్యో!" అంది అక్క.

"మళ్ళీ నేనే అందుకున్నా. ఒరే, హుడ్ అంటే ముసుగు, టోపీ. కళ్ళు కనపడకుండా నెత్తి మీంచి టోపీ లాగెయ్యడంరా అది. అంటే మనం దొరకి టోపీ పెడుతున్నామంటున్నాడు, అని చెప్పా. దొర తన టోపీ తీసి నాకు దణ్ణం పెట్టాడు. అంత ఎత్తు నుంచి నాకు ఆయన బట్టతల కనబడింది. నేను మర్యాదస్తుణ్ణి కనక చూడనట్టు ఊరుకున్నా."

"ఊఁ," అన్నాడు అల్లుడు, అడక్కుండానే. బట్టతల సంగతి ఎలా ఉన్నా అర్థం సరిగ్గానే చెప్పాడు.

అక్కడి నుంచి గాలి పోసుకుంది కథ.

"అసలు గొడవ అప్పుడు మొదలైంది. నా మాట విని కెప్టెన్ దొర 'బలోనీ!' అన్నాడు. పక్కనే ఉన్న చిన్న దొర 'కాదు, బ్లార్నీ!' అన్నాడు. బలోనీ అని వీడు, బ్లార్నీ అని వాడు. ఓడలో వాళ్ళంతా రెండు జట్లయిపోయారు. వంటవాడింకా తడి ఆరలేదు, వాడు గరిటె తీశాడు. రక్తపాతం అయ్యేదే. నేనేం చేశాను? హుక్కు దించాను. కెప్టెన్ దొర బెల్టుకి ఒక హుక్కు, చిన్న దొర బెల్టుకి ఒక హుక్కు తగిలించి, ఇద్దర్నీ గాల్లోకి లేపాను. కెప్టెన్ చేతిలో టీ కప్పుంది. ఒక్క చుక్క ఒలకలేదు. ఇద్దర్నీ ఎదురెదురుగా వేలాడదీసి చెప్పాను. చూడండి నాయనా, బలోనీ అంటే బెలూన్‌లోంచి వచ్చిన మాట, లోపల గాలి తప్ప ఇంకేం ఉండదు. బ్లార్నీ అంటే వెన్న రాయడం, మస్కా కొట్టడం. నేను మీకు చెప్పింది ఈ రెండూ కాదు, నిజం. ఒప్పుకుంటే దించుతా, లేకపోతే పావురాలు గూడు కట్టేదాకా ఇక్కడే, అన్నా. ఒప్పుకున్నారు."

"బలోనీ బెలూన్‌లోంచే వచ్చిందా మాస్టారూ?" అన్నాడు గుమస్తా. కంటితుడుపు ఇంకా మనసులో గుచ్చుకుంటున్నట్టుంది.

ఆ మాటకీ బెలూన్‌కీ ఏ చుట్టరికమూ లేదు. అల్లుడు నోరు తెరిచాడు. మావయ్య మోచెయ్యి డొక్కలో తగిలింది. గుమ్మంలో నిలబడి వేలు చూపిస్తున్న భార్య కళ్ళ ముందు మెదిలింది. "గాలి... గాలి సంగతి నిజమేనండీ. ఒట్టి మాట అనే అర్థం," అని గొణిగాడు.

"చూశావా!" అన్నాడు మావయ్య.

సరంగు ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆయన చూపు మావయ్య మీద లేదు, అల్లుడి మీద ఉంది. మావయ్య ఒక ముక్క చెప్పడం, సరంగు అల్లుడి మొహం చూడడం, అల్లుడు తలాడించగానే పెదాలు కదుపుతూ ఆ ముక్కని వల్లించుకోవడం. ఇది గమనించేసరికి అల్లుడికి బెంచీ మరీ ఇరుకైపోయింది.

"ఇంతలో ఓడ కుంగిపోవడం మొదలెట్టింది," అన్నాడు మావయ్య. "సరుకంతా దింపేశాం, అయినా కుంగుతోంది. ఎందుకో చెప్పుకోండి."

"చిల్లు పడి ఉంటుంది," అన్నాడు గుమస్తా.

"చిల్లు కాదురా. ఓడలో ఒక దళారీ ఉన్నాడు. వాడు రేవు రేవుకీ మనుషుల్ని బాంబూజిల్ చేసుకుంటూ వస్తున్నాడు. బాంబూ అంటే వెదురు. వెదురు బొంగు చూశావుగా, పైకి నిగనిగలాడుతుంది, లోపల డొల్ల. డొల్లని గట్టిదని నమ్మించి బురిడీ కొట్టించడమే బాంబూజిల్. ఒక రేవులో సముద్రాన్ని గజాల లెక్కన అమ్మాడు. ఇంకో రేవులో లైట్‌హౌస్ అద్దెకిచ్చాడు. అన్నేళ్ళ అబద్ధాలన్నీ ఓడ అడుగున పేరుకుపోయి, బరువుకి ఓడ మునుగుతోంది. అప్పుడు నేను... ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"ఓడని ఎత్తావు," అంది అక్క, గ్లాసులు కడుగుతూ.

మావయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "నీకెలా తెలుసు?"

"ఇంకేం మిగిలింది ఎత్తడానికి?"

"ఎత్తాను! నాలుగు మూలలా గొలుసులు వేసి, ఓడని ఓడలాగే నీళ్ళలోంచి లేపి, దుప్పటి దులిపినట్టు దులిపాను. అబద్ధాలన్నీ జలజలా రాలాయి. చేపలు తిని నెల్లాళ్ళు మత్తుగా తిరిగాయి. ఆ నెలంతా పట్టిన ప్రతి చేపా గుర్రమంత ఉందని చెప్పుకున్నారు జాలర్లు. ఎందుకనుకున్నావు?"

"బాబాయ్, నీ క్రేన్ మోసేదెంత, ఓడ బరువెంత?" అన్నాడు గుమస్తా.

"ఓడ నీళ్ళమీద తేలుతుందా తేలదా?"

"తేలుతుంది."

"తేలేదానికి బరువేమిట్రా పిచ్చివాడా!"

గుమస్తా వేళ్ళ మీద ఏదో లెక్క వెయ్యబోయి, మానేసి టీ తాగాడు. గేటులోంచి లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము అణిగేలోపు మావయ్య సముద్రాలు దాటేశాడు.

"ఈ సంగతి ఇంగ్లీషు పుట్టిన చోటికి పాకింది. అక్కడ పండితులంతా కూర్చుని డిక్షనరీ రాస్తున్నారట. హోకస్ పోకస్ దగ్గర, హాంకీ పాంకీ దగ్గర బండి ఆగిపోయింది. ఏది గారడీ, ఏది గూడుపుఠాణీ, వాళ్ళకే తేలడం లేదు. ఒకడు దీనికీ దానికీ ముడిపెట్టేస్తాడు, ఇంకొకడు విప్పేస్తాడు. చివరికి అందరూ గుంపుగా ఓడెక్కి మన రేవుకొచ్చారు. నేను క్యాబిన్ దిగనన్నా. డ్యూటీలో ఉన్నా మరి. వాళ్ళే కింద వరసగా నిలబడి మాటలు ఒక్కొక్కటే పైకి అరిచారు, నేను అర్థాలు ఒక్కొక్కటే కిందకి దించాను. హోకస్ పోకస్ అంటే కళ్ళముందే మాయ చేయడం. హాంకీ పాంకీ అంటే కళ్ళు కప్పి చాటున చేయడం. తర్వాతది తీసుకోండి! ఇప్పటికీ ఆ డిక్షనరీలో 'హెచ్' అక్షరం తెరిస్తే కాస్త గ్రీజు వాసన వస్తుంది. ఏం అల్లుడూ, వస్తుందా లేదా?"

అందరూ అల్లుడి వైపు తిరిగారు.

"నేను... వాసన చూడలేదండీ," అన్నాడు అల్లుడు.

"ఈసారి చూడు. సరే, పని అయిపోయింది. వెళ్ళేముందు కెప్టెన్ దొర నిచ్చెనెక్కి నా క్యాబిన్‌లోకి వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నువ్వు మామూలు మనిషివి కాదయ్యా, యూ ఆర్ ఎ హంబగ్, అన్నాడు."

అల్లుడి చేతిలో గ్లాసు ఒరిగింది. టీ ప్యాంటు మీద పడింది. ఆయనకది తెలియను కూడా లేదు.

"హంబగ్ అంటే?" అన్నాడు సరంగు, ఊపిరి బిగబట్టి.

"అది ఉత్త మాట కాదురా, బిరుదు. హంబుల్ అంటే వినయం. బిగ్ అంటే పెద్ద. రెండూ కలిస్తే హంబగ్. ఎంత ఎత్తుకెదిగినా ఒదిగి ఉండే పెద్దమనిషి. వాళ్ళ దేశంలో ఏడాదికి ఒకళ్ళకో ఇద్దరికో ఇస్తారు. నువ్వు దొర ముందుకెళ్ళి ఈ ఒక్క మాట అను. ఇక ఇంటర్వ్యూ లేదు ఏమీ లేదు, కుర్చీ వేస్తాడు."

సరంగు లేచి నిలబడ్డాడు. చొక్కా కింద నుంచి లాగి సర్దుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్. ఐ యామ్ హంబగ్. మై ఫాదర్ ఆల్సో హంబగ్," అని గేటు వైపు చూస్తూ ఒకసారి అనుకున్నాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "సరిపోయిందా మాస్టారూ? చివర్న 'బిగ్ ఫ్యామిలీ' అని కూడా తగిలించనా?"

అల్లుడు మావయ్యగారిని చూశాడు. ఆయన కాలు మీద కాలు వేసుకుని, ఊఁ కోసం చూస్తున్నాడు. ఇంతసేపూ ఊఁలు ఉచితంగా పంచిపెట్టాడు. తను తలాడించబట్టే కదా ఆ మనిషి నమ్మింది! తనిప్పుడు ఇంకొక్కసారి తలాడిస్తే, ఆయన నేరుగా వెళ్ళి, ఉద్యోగం ఇచ్చే దొర ముందు నిలబడి, తనని తనే తిట్టుకుంటాడు. పనిలో పనిగా తండ్రిని కూడా.

"అన్నా, ఆ మాట అనకండి," అన్నాడు.

గుమస్తా నోటిదాకా తెచ్చిన గ్లాసు దించాడు.

"ఎందుకనకూడదు?" అన్నాడు మావయ్య.

"కొంచెం... పాతబడ్డ మాటండీ. ఇప్పుడు వాడడం లేదు."

"బిరుదు పాతబడుతుందా? ఇదేమన్నా చెప్పులా?"

"అర్థం చెప్పండి మాస్టారూ," అన్నాడు గుమస్తా. ఆయన గొంతులో వేటగాడి హుషారు వినబడింది.

అల్లుడు కళ్ళు మూసుకుని చెప్పేశాడు. "హంబగ్ అంటే... లేనిది ఉన్నట్టు చెప్పేవాడు. ఒట్టి డాంబికం. బూటకం. మనవాళ్ళు అంటారే... కోతలరాయుడు అని."

సరంగు మెల్లగా కూర్చున్నాడు. గుమస్తా నవ్విన నవ్వుకి గేటు దగ్గర గార్డు వెనక్కి తిరిగి చూశాడు. "అబ్బ! ఎంత బాగుంది బాబాయ్! ఓడని ఎత్తాడు, డిక్షనరీని దించాడు, చివరికి తిట్టుని తీసుకెళ్ళి తన మెడలో తనే దండ వేసుకున్నాడు! దొరా లేడు, గిరా లేడు. ఎక్కడో ఏ రేడియోలోనో విని తగిలించుకుని ఉంటాడు."

"దొర అన్నాడురా," అన్నాడు మావయ్య. గొంతు ఒక మెట్టు దిగింది. అల్లుడు ఆయన గొంతు అంత కిందకి రావడం పెళ్ళి మాటలప్పుడు కూడా వినలేదు. "ఓడ సంగతి... సరే, ఓడ సంగతి వదిలెయ్. కానీ ఆ మాట మాత్రం అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అంటే మంచి మాటే అనుకున్నా."

ఎవరూ నమ్మలేదు. గుమస్తా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మావయ్య చెవులు ఎర్రబడడం అల్లుడు చూశాడు. ఈ ముసలాయన్ని నలుగురిలో ఇలా నిలబెట్టినందుకు ప్రాణం చివుక్కుమంది. అలాగని వెనక్కి తీసుకోవడానికీ లేదు.

"మరి నేనేం అనాలి?" అన్నాడు సరంగు. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయింది. "నా దగ్గర ఇంకే మాటా లేదు. టైమైపోతోంది."

అలవాటు చొప్పున అందరూ మావయ్య వైపే చూశారు. ఆయన అల్లుడి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అడగండి. మాస్టారు ఆయన."

"మీకేం వచ్చన్నా?" అన్నాడు అల్లుడు.

"నాకేం వస్తుంది మాస్టారూ! ఈ ఏరు తప్ప ఏం రాదు. ఇసుకమేట ఏ నెల ఎక్కడుంటుందో తెలుసు. మంచులో కూడా నీటి చప్పుడు విని ఒడ్డు ఎంత దూరమో చెబుతా. అంతే."

"అదే చెప్పండి. ఐ నో దిస్ వాటర్. ఐ నో ఇట్ ఇన్ ఫాగ్. ఈ రెండు ముక్కలు చాలు. ఇంకేదైనా అడిగి అర్థం కాకపోతే, ఐ డోంట్ అండర్‌స్టాండ్ అనండి. తప్పేం లేదు."

సరంగు రెండు ముక్కలూ పలికి చూసుకున్నాడు. మావయ్య అంతదాకా నేల చూపులు చూస్తున్నవాడు ఉన్నట్టుండి తలెత్తి, "ఒరేయ్," అన్నాడు. "లోపలికెళ్ళాక చేతులు జేబులో పెట్టుకోకు. ఓడవాళ్ళు ముందు అరచేతులు చూస్తారు. తాడు గీతలు కనబడనీ." అది కోతగా వినిపించలేదు. సరంగు తలాడించి, గేటులోకి వెళ్ళిపోయాడు.

ఇక ఇంటికి వెళ్ళొచ్చు. ఎదురు బెంచీ ఖాళీ అయింది. కానీ మావయ్య లేవలేదు. సరంగు వచ్చేదాకా ఉందామన్నాడు. ఫోను మోగింది. "అన్నీ చల్లారిపోయాయి, కాదన్నావా ఏమిటి కొంపదీసి?" అంది భార్య. "కాదనలేదు, అర్థం చెప్పాను," అన్నాడు అల్లుడు. "అంతకంటే కాదంటేనే నయం," అని ఫోను పెట్టేసింది.

మావయ్య ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు. టీకొట్టుకి అది అలవాటు లేదు. లారీ డ్రైవర్లు వచ్చి, ఆయన మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారు. అక్క అడక్కుండానే ఆయన ముందు ఒక టీ పెట్టింది. ఆయన తాగలేదు. గుమస్తాకి కూడా నవ్వు పాతబడిపోయి, "పోనీ ఏదైనా చెప్పు బాబాయ్, ఆ దళారీ ఏమయ్యాడు?" అన్నాడు. మావయ్య తల అడ్డంగా ఊపాడు.

అల్లుడు గ్లాసు అంచు తుడుస్తూ, "మావయ్యగారూ, హాగ్‌వాష్, ఐవాష్, హుడ్‌వింక్, ఇవన్నీ సరిగ్గా చెప్పారండీ. మా స్కూల్లో నేనింత బాగా చెప్పలేను," అన్నాడు.

మావయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇది ఏమిటి అల్లుడూ? బ్లార్నీయా?"

అల్లుడికి నవ్వాగలేదు. మావయ్య మీసాల కింద కూడా ఏదో కదిలింది గానీ, బయటికి రాలేదు.

అప్పుడే సరంగు గేటులోంచి వచ్చాడు. నడవడం కాదు, దాదాపు పరిగెత్తుతున్నాడు. చొక్కా సంగతి మర్చిపోయాడు, ఒక పక్క పూర్తిగా బయటికొచ్చేసింది.

"తీసుకున్నారు! సోమవారం నుంచి రమ్మన్నారు!"

అక్క గరిటె పక్కన పడేసి చేతులు చరిచింది. సరంగు వచ్చీ రాగానే అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు చెప్పిన రెండు ముక్కలే మాస్టారూ. మూడోది అడగలేదు. చేతులు చూశాడు, బాబాయ్ చెప్పినట్టే. తలాడించాడు. తర్వాత, నీకీ ఇంగ్లీషు ఎవరు నేర్పారన్నాడు. బయట టీకొట్టులో అన్నాను. ఎవరన్నాడు. నాకు భయమేసి, క్రేన్ బాబాయ్ అనేశాను."

మావయ్య తలెత్తాడు.

"అంతే, దొర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు బాబాయ్! తెల్ల గడ్డం మనిషి. వయసులో ఉన్నప్పుడు సిమెంటు ఓడలో చిన్న ఆఫీసరుగా ఈ రేవుకి వచ్చేవాడట. కిటికీలోంచి నీ పాత క్రేన్ చూపించాడు. చేత్తో ఇలా ఇలా అభినయించి చూపించాడు, గుడ్డు పెట్టినా పగలకుండా దించేవాడని, అలాంటి చెయ్యి మళ్ళీ ఏ రేవులోనూ చూడలేదని. అంతా నాకు అర్థం కాలేదు గానీ చివరి ముక్క మాత్రం స్పష్టంగా అర్థమైంది."

"ఏమన్నాడు?" అన్నాడు మావయ్య.

సరంగు ఒకసారి అల్లుడి వైపు చూశాడు, అనొచ్చా అన్నట్టు. "పగలబడి నవ్వుతూ అన్నాడు. దట్ ఓల్డ్ హంబగ్! ఈజ్ హి స్టిల్ అలైవ్? అని."

మావయ్య ఒక్క ఉదుటున లేచాడు. బెంచీ తేలిపోయి, అవతలి చివర గుమస్తా కింద పడబోయాడు. ఆ ముసలి మొహంలో పొద్దు పొడిచినట్టయింది. అర్థం గిర్థం ఎక్కడికి పోయాయో, ఛాతీ విరుచుకుని, గుమస్తా మొహంలో మొహం పెట్టాడు.

"విన్నావా? దొర అన్నాడా లేదా? దొరా లేడు గిరా లేడన్నావుగా! ఇప్పుడేమంటావు? నేను చెప్పానా, లేదా?"

"చెప్పావు బాబాయ్, చెప్పావు," అంది అక్క, చల్లారిన టీ ఆయన ముందు నుంచి తీసి వేడిది పెడుతూ. "పొద్దుట్నించీ చెప్పినదాంట్లో నిజం అదొక్కటే."